ఇరవై మూడు, నలభై తొమ్మిది, పదహారు, ఒకటి

నెహెమ్యా గారు నన్ను కోరింది ఒక్కటే. ఆసుపత్రిలో పద్నాలుగు కంప్యూటర్లున్నాయి. పదమూడింటి నంబర్లు నా ఇష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చు. ఓపీ చీటీలు రాసే బల్ల మీదున్న కంప్యూటరు నంబరు మాత్రం ముట్టుకోకూడదు. నేనింకా భుజాన ఉన్న బ్యాగు కూడా దించలేదు. కూర్చోమని చెప్పకముందే ఆయన ఈ మాట చెప్పాడు.

కడప నుంచి కమలాపురం దాకా బస్సులో నిలబడి వచ్చిన చిరాకులో ఉన్నాను. "చూద్దాం సార్" అన్నాను. ఆ మాట మా మేనమామ కేశవయ్య దగ్గర నేర్చుకున్నది. రాజంపేటలో నూనె, బెల్లం అమ్మిన ఇంట్లో పుట్టి, ఇప్పుడు కడపలో కంప్యూటర్ల షాపు నడుపుతున్నాడు. ఆయన నోట చూద్దాం అని వస్తే కుదరదని అర్థం. ఆ సంగతి నెహెమ్యా గారికి తెలియదు కాబట్టి ఆయన ముఖం తేటపడింది. నాకు టీ తెప్పించాడు. తర్వాత రెండు రోజులు ఆ టీ గుర్తొచ్చినప్పుడల్లా నన్ను నేను తిట్టుకున్నాను.

నా పేరు ఉదయశ్రీ. మామ షాపులో నెట్‌వర్కు పనులన్నీ నేనే చూస్తాను. ఈ మిషన్ ఆసుపత్రికి వచ్చిన కష్టం ఏమిటంటే, వీళ్ళకి ఒక కంపెనీ ఈసీజీ యంత్రం ఇచ్చింది. ఇక్కడ ఈసీజీ తీసి కంపెనీ వెబ్‌సైటులో పెడితే, హైదరాబాదులో కూర్చున్న గుండె డాక్టరు పది నిమిషాల్లో చూసి అది గుండెపోటో, గ్యాసో తేల్చి చెప్తాడు. గుండెపోటయితే ఇక్కడే సూది వేసి కడపకి అంబులెన్సు ఎక్కిస్తారు. రెండు వారాల కిందట ఆ వెబ్‌సైటు ఆసుపత్రిలో తెరుచుకోవడం మానేసింది. శుక్రవారం సాయంత్రానికల్లా తెరుచుకోకపోతే యంత్రాన్ని ఇంకో ఊరికి ఇచ్చేస్తామని కంపెనీ వాళ్ళు ఉత్తరం పంపారు. నేను వెళ్ళింది బుధవారం.

గంటలో తేల్చి మధ్యాహ్నం బస్సుకి వెనక్కి రావచ్చనుకున్నాను. తీరా చూస్తే ఆ సైటు నా ఫోనులో తెరుచుకుంటోంది. నర్సుల ఫోన్లలో తెరుచుకుంటోంది. గేటు బయట బొరుగులు అమ్మే ఆయన ఫోనులో కూడా తెరుచుకుంది. ఆసుపత్రి కంప్యూటర్లలో మాత్రం తెరుచుకోదు. పోనీ ఇంటర్నెట్టు లేదా అంటే, రైలు టికెట్లు వస్తున్నాయి, పరీక్షా ఫలితాలు వస్తున్నాయి, క్రికెట్టు స్కోరు వస్తోంది. ఈ ఒక్క సైటే రాదు. వైర్లు మార్చాను. రూటరు ఆర్పి వెలిగించాను. వైరస్సేమోనని వెతికాను. ఇంటర్నెట్టు కంపెనీకి ఫోన్ చేస్తే, అంతా బాగానే ఉందమ్మా అని నాకే ధైర్యం చెప్పారు. నాకు ఒళ్ళు మండింది.

మా పనిలో ఏమీ తోచనప్పుడు మొదటికి వెళ్ళి నంబర్లు చూస్తాం. ఒక ఆఫీసులో ఉన్న కంప్యూటర్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టాలంటే ఒక్కోదానికి నాలుగు అంకెల నంబరు ఉండాలి. అంకెంటే ఒకటి కావచ్చు, రెండువందల యాభై కావచ్చు. ఆ నంబరు చూద్దామని ఈసీజీ గదిలో ఉన్న సంతోషమ్మ సిస్టర్‌తో, మీ కంప్యూటరు నంబరు చూడాలి, కాస్త జరగండి అన్నాను. ఆమె జరగలేదు. సూదిలో మందు ఎక్కించుకుంటూనే, ఇరవై మూడు, నలభై ఒకటి, పది, అయిదు అని చెప్పేసింది.

బ్యాంకుల్లో పనిచేసే వాళ్ళకి సోమవారం వస్తే పాస్‌వర్డే గుర్తుండదు. కంప్యూటరు నంబరు కంఠతా వచ్చిన మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. ఆమె ఒక్కతే కాదు. మందుల కౌంటరులో ఏసురాజుని అడిగితే, ఇరవై మూడు, యాభై నాలుగు, పదిహేడు, మూడు అన్నాడు. ల్యాబు అతనూ అదే పాట, చివర మాత్రం ఏడు. ప్రతివాళ్ళూ తమ ఊరి పేరు చెప్పినంత సులువుగా చెప్తున్నారు. చెప్పి, ఇది కూడా తెలియదా అన్నట్టు నా వైపు చూస్తున్నారు. రాసుకున్న కాగితం చూస్తే నాకు తల తిరిగింది. ఒక వరసా లేదు, పద్ధతీ లేదు. లోకంలో ఎవరైనా ఒకటి, రెండు, మూడు అని పెడతారు. మా అవ్వ కొట్లో డబ్బాలు కూడా వరసగా ఉండేవి. ఎవడో బయటివాడు దూరి నంబర్లన్నీ చెల్లాచెదురు చేశాడని నిర్ధారణకు వచ్చి మామకి ఫోన్ చేశాను. నెత్తి పాడుచేసుకోకుండా అన్నిటినీ ఒకటి నుంచి వరసగా పెట్టేసి వచ్చేయమన్నాడు.

ఆ మాట పెద్దగా చెప్పినట్టున్నాడు, పక్కనున్న నెహెమ్యా గారు విన్నాడు. అప్పుడు ఆయన నన్ను రికార్డు గదిలోకి పిలిచి కూర్చోబెట్టాడు. కాంపౌండరుగా చేరి, రికార్డుల గుమాస్తా అయి, రిటైరయ్యాక కూడా వస్తూనే ఉన్న మనిషి. సన్నగా, ఎత్తుగా ఉంటాడు. చొక్కా జేబులో రెండు బాల్‌పెన్నులు. ఆ నంబర్లు పెట్టింది తనేనని, ఎవరూ దూరలేదని చెప్పాడు.

పద్నాలుగేళ్ళ కిందట వైర్లు వేసిన ఇంజనీరు సగం పనిలో డోన్‌లో రైలు అందుకోవాలని వెళ్ళిపోయాడట. వెళ్తూ ఈయనకి మూడు సూత్రాలు చెప్పాడట. మొదటి అంకె అందరికీ ఒకటే ఉండాలి. ఏదీ రెండువందల యాభై దాటకూడదు. ఏ ఇద్దరి నంబరూ మొత్తంగా ఒకటి కాకూడదు. అంతే, మిగతాది మీ ఇష్టం అన్నాడట. ఇష్టం అనేసరికి ఈయనకి ఏం చేయాలో పాలుపోలేదు. అది జనవరి మొదటి వారం. కొత్త సంవత్సరం ఆరాధనలో అందరూ వాగ్దానపు చీటీలు తీసుకుని ఉన్నారు. బుట్టలో చెయ్యిపెట్టి ఒక చీటీ తీస్తారు, అందులో ఏ వచనం వస్తే ఆ సంవత్సరమంతా అది వాళ్ళ మాట. ఆ యేడు పాస్టరు గారు చీటీలన్నీ ఒకే ప్రవక్త పుస్తకం నుంచి రాయించాడు. పరిశుద్ధ గ్రంథంలోని పుస్తకాల వరసలో అది ఇరవై మూడోది. మొదటి అంకె దొరికింది. అధ్యాయం రెండో అంకె, వచనం మూడో అంకె. ఒకే వచనం ఇద్దరు ముగ్గురికి వచ్చింది కాబట్టి చివర బల్ల వరస. ఎవరూ మర్చిపోరు, ఏ రెండూ కలవవు. నెహెమ్యా గారు నంబర్లు అరచేతిలో రాసుకుని బల్ల బల్లకీ తిరిగి కొట్టాడు. అన్నీ పలికాయి.

నాకు నవ్వొచ్చింది, మెచ్చుకోవాలనీ అనిపించింది. అంతలోనే ఒక అనుమానం వచ్చింది. ఫోనులో ఆ ఈసీజీ వెబ్‌సైటు నంబరేమిటో వెతికాను. కంపెనీ వాళ్ళు రెండు వారాల కిందటే దాన్ని కొత్త చోటికి మార్చారు. కొత్త నంబరు కూడా ఇరవై మూడుతో మొదలవుతోంది.

విషయం వాళ్ళకి చెప్పడానికి నానా తంటాలు పడ్డాను. ఈ నంబర్లు గాలిలోంచి వచ్చినవి కావు, లోకంలో ఎవరెవరికో పంచి ఇచ్చినవి అన్నాను. ఇరవై మూడుతో మొదలయ్యేదంతా ఈ ఆసుపత్రి గోడల లోపలే ఉందని మీ కంప్యూటర్లకి చెప్పిపెట్టారు. అందుకని సంతోషమ్మ సిస్టర్ ఆ సైటు అడిగితే, కంప్యూటరు గేటు దాటి పోకుండా లోపల ఈ పద్నాలుగు బల్లల దగ్గరే వెతికి, లేదు పొమ్మంటోంది. మరి పద్నాలుగేళ్ళు ఎట్లా నడిచిందని నెహెమ్యా గారు అడిగాడు. పన్నెండేళ్ళు ఇక్కడ ఇంటర్నెట్టే లేదు, వచ్చాక కూడా ఇరవై మూడుతో మొదలయ్యే వాళ్ళతో మీకు గట్టి పని పడలేదు అన్నాను. ఆయన తలూపాడు గానీ, ఒప్పుకున్నట్టు కాదు.

లోపల వాడుకోవడానికని మూడు గుంపుల నంబర్లు విడిగా ఉంచారనీ చెప్పాను. పదితో మొదలయ్యేవన్నీ ఒక గుంపు. నూట డెబ్బై రెండుతో మొదలయ్యే వాటిలో కొన్ని. నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిది అనే జంటతో మొదలయ్యేవి. బయట ఏ వెబ్‌సైటుకీ అవి ఇవ్వరు. ఎవరింట్లో వాళ్ళు పెట్టుకోవచ్చు. ప్రతి ఇంట్లోనూ ఒక చిన్నమ్మ ఉంటుంది కదా, లోపల చిన్నమ్మా అని పిలిస్తే ఆ ఇంటి చిన్నమ్మే పలుకుతుంది, పక్కింటి చిన్నమ్మ రాదు అన్నాను. మా పక్కింటి చిన్నమ్మ పిలవకపోయినా వస్తుందని సంతోషమ్మ అంది. అందరూ నవ్వారు. నా పాఠం అక్కడితో కొండెక్కింది.

మధ్యాహ్నం సంతోషమ్మ తన సంగటి, చెనిక్కాయల చట్నీ నాకూ పెట్టింది. ఆ ఓపీ కంప్యూటరు నంబరు మీద నెహెమ్యా గారికి అంత పట్టుదల ఎందుకని అడిగాను. అది ఆఫీసు మనిషి మొండితనమని నా లెక్క. ఆమె ముద్ద పక్కన పెట్టింది.

"ఆ నంబరు జీవితది. ఆయన కూతురు. ఒకటే బిడ్డ" అంది. "పంతొమ్మిదేండ్లప్పుడు ఆ బల్ల కాడ చేరింది. ఆ యేడు తండ్రికీ బిడ్డకీ ఒకే చీటీ వచ్చింది. ఆయమ్మది చివర ఒకటి, ఆయనది రెండు. కరోనా రెండో తూరి వచ్చినప్పుడు పోయింది. ఆ బల్ల ఇడిసిపెట్టి ఇంట్లో ఉండమంటే ఇనలేదు."

ఆ వచనంలో ఏముందో కూడా చెప్పింది. అది నేనిక్కడ రాయను. అది వాళ్ళింటి మాట.

ఇంకో సంగతి కూడా చెప్పింది. రోజూ పొద్దున నెహెమ్యా గారు వచ్చి తన కంప్యూటరు తెరవగానే, నల్ల తెర మీద ఆ నంబరు కొడతాడు. మా భాషలో దాన్ని పింగ్ అంటాం. అవతలి కంప్యూటరుని పిలవడం. అది మేలుకుని ఉంటే, నేనున్నాను అన్నట్టు నాలుగు వరుసల జవాబు వస్తుంది. నాలుగూ చదువుకుని అప్పుడు ఆయన రిజిస్టరు తీస్తాడట. ఓపీ బల్ల ఆయన కుర్చీకి అయిదడుగుల దూరం. కంప్యూటరు వెలిగి ఉందో లేదో మెడ తిప్పితే కనిపిస్తుంది.

సాయంత్రం బస్సులో నాకు ఏం చేయాలో తోచలేదు. పొద్దున నేను అన్న చూద్దాం అనే మాట వెనక్కి తీసుకోలేను. చివరికి నాకు తెలివైనదనిపించిన ఉపాయం ఒకటి తట్టింది. పదమూడింటినీ మార్చేస్తాను, ఆ ఒక్కటీ వదిలేస్తాను. మధ్యలో రూటరు గుండా ఒక దొడ్డిదారి పెడతాను. ఆయన మాట దక్కుతుంది, ఈసీజీ పని అవుతుంది. నా తెలివికి నేనే మురిసిపోయి, ఆ పూట అన్నం బాగా తిన్నాను.

గురువారం ఎనిమిదికే వెళ్ళి పదమూడింటికీ మామ చెప్పినట్టు నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిది, ఒకటి అని పెట్టి, చివర ఒకటి రూటరుకి ఇచ్చి, రెండు నుంచి వరసగా వేసుకుంటూ పోయాను. ఈసీజీ సైటు టక్కున తెరుచుకుంది. సంతోషమ్మ నా బుగ్గ గిల్లింది. ఆ సంతోషం పావుగంట కూడా లేదు. రోగుల రికార్డులన్నీ ఉండేది ఆ ఓపీ కంప్యూటరులోనే. మిగతావన్నీ దాన్ని అడిగి తెచ్చుకుంటాయి. నేను పెడదామనుకున్న దొడ్డిదారి వాళ్ళ పాత రూటరుకి తెలియదు. మందుల కౌంటరులో పేర్లు రావడం లేదు. ల్యాబులో ఎవరి రక్తం ఎవరిదో తెలియడం లేదు. ప్రింటరు కావాలంటే ఏ నంబరు కొట్టాలో ఎవరికీ గుర్తులేదు. నాది పదకొండా, పన్నెండా అని వచ్చి నన్నే అడుగుతున్నారు. నాకూ గుర్తులేదు. నాప బండల వరండాలో డెబ్బై మంది నిలబడ్డారు. గిడ్డయ్య అనే ముసలాయన తన చీటీ నాకు చూపించి, ఇది పనికొస్తాదా రాదా అని మూడుసార్లు అడిగాడు.

రికార్డు గదిలోకి పరిగెత్తితే నెహెమ్యా గారు నల్ల తెర ముందు కూర్చుని ఉన్నాడు. చేరలేకపోయాం అని నాలుగు వరుసలున్నాయి. కింద మళ్ళీ కొట్టినట్టున్నాడు, ఇంకో నాలుగు. ఆ కింద ఇంకో నాలుగు.

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "నంబరు ఆడనే ఉండాది పాపా. నువ్వు మాట తప్పలేదు. పిలిస్తే మాత్రం పలకలేదు" అన్నాడు.

ఆ నంబరు నేను ఉంచాను. దాన్ని పిలవగలిగే వాళ్ళందరినీ దూరం చేసి ఉంచాను. పదకొండున్నరకల్లా అన్నిటికీ పాత నంబర్లు పెట్టేశాను. చూడకుండానే పెట్టాను, ఎందుకంటే ఎవరిది వాళ్ళు గడగడా అప్పజెప్పారు. రికార్డులు వచ్చాయి, వరస కదిలింది, ఈసీజీ సైటు మళ్ళీ మూసుకుపోయింది. రెండు రోజుల పని సున్నా. మామ ఫోన్ చేస్తే తీయలేదు.

శుక్రవారం పొద్దున బస్సులో కూర్చోవడానికి సీటు దొరికింది. దానివల్లో ఏమో, బుర్ర కాస్త పనిచేసింది. నిన్న వాళ్ళంతా కొత్త నంబర్లు మర్చిపోయారు, పాతవి అప్పజెప్పారు. తప్పు వాళ్ళది కాదు, నాది. నేను ఎప్పుడూ ఆ నూట తొంభై రెండే వాడతాను, ఎందుకంటే అందరూ అదే వాడతారు. అందులో మన చేతిలో ఉండేది చివరి అంకె ఒక్కటే. పదితో మొదలయ్యే గుంపులో అట్లా కాదు. పది తర్వాత మూడు అంకెలూ మన ఇష్టం. అధ్యాయం అట్లాగే ఉంటుంది, వచనం అట్లాగే ఉంటుంది, బల్ల వరస అట్లాగే ఉంటుంది. ముందున్న ఇరవై మూడు పోయి పది వస్తుంది. అంతే. ఇంత చదివి ఈ చిన్న సంగతి తట్టడానికి మూడు రోజులు పట్టినందుకు సిగ్గేసింది. అయినా కండక్టరుని చూసి ఊరికే నవ్వాను.

అందరినీ ఓపీ బల్ల దగ్గరికి పిలిచి చెప్పాను. అందరికీ నచ్చింది. ఒక్క అంకె మారితే ఏం పోయిందని సంతోషమ్మ అంది. నెహెమ్యా గారు మాత్రం బల్ల సొరుగులోంచి నల్ల అట్ట పుస్తకం తీశాడు. కళ్ళజోడు పెట్టుకుని, విషయసూచిక మీద వేలు పెట్టి ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటూ పదో పుస్తకం దగ్గర ఆగాడు. పేజీలు తిప్పాడు. చివరి దాకా తిప్పి, మళ్ళీ వెనక్కి వచ్చాడు.

"పదో పుస్తకంలో ఇరవై నాలుగు అధ్యాయాలే ఉండాయి" అన్నాడు. "నలభై తొమ్మిది లేదు."

సంతోషమ్మ తన నలభై ఒకటి కూడా లేదని అప్పుడు గమనించుకుంది. నాకు పిచ్చెక్కినట్టయింది. కంప్యూటరుకి పుస్తకాలతో ఏం పని అని అరుద్దామనుకున్నాను, నోరు రాలేదు. పద్నాలుగేళ్ళుగా వీళ్ళకి ఆ నంబరు ఒక చోటు. అక్కడికి వెళ్తే ఒక మాట ఉంటుంది. నేను ఇస్తానంటున్నది తలుపు తీస్తే గదే లేని చోటు.

ఏసురాజు ఒక దారి చెప్పాడు. పది ముందు పెట్టి, దాని వెనక ఇరవై మూడు, నలభై తొమ్మిది, పదహారు మొత్తం పెడితే సరిపోతుంది కదా అన్నాడు. సరిపోతుంది. నాకు తట్టనందుకు అతని మీద కోపం కూడా వచ్చింది. కానీ అప్పుడు చివర బల్ల వరసకి చోటుండదు. ఒక్కో వచనం ఒక్కరికే. ఒకే చీటీ వచ్చిన వాళ్ళిద్దరిలో ఒకరు దిగిపోవాలి. ఏసురాజుకీ ల్యాబు అతనికీ ఒకటే వచనం, వాళ్ళు పంచుకోగలరు, బొమ్మా బొరుసూ వేసుకుంటారు. నలభై తొమ్మిది, పదహారులో ఉన్నది మాత్రం జీవిత, నెహెమ్యా గారు.

ఇది పైకి చెప్పాల్సి వచ్చినందుకు నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఆయన వైపు చూడకుండా, గోడ మీది క్యాలెండరుకి చెప్పాను. అమ్మాయికే ఉంచుదాం సార్, మీకు వేరే నంబరు ఇస్తాను అన్నాను.

వరండాలో వరస పెరుగుతోంది. ఆయన నేను అనుకోని ప్రశ్న వేశాడు. ఆ పదితో మొదలయ్యే నంబరు, పది, నలభై తొమ్మిది, పదహారు, ఒకటి, బయట లోకంలో ఎవరికైనా ఉంటుందా అని. బయట ఎవరికీ ఉండదని, వేరే ఆఫీసుల లోపల ఉండొచ్చు గానీ వాళ్ళది వాళ్ళకే, మనది మనకే అని చెప్పాను.

"బయటోళ్ళు పిలిస్తే?"

"పలకదు సార్."

"మనం పిలిస్తే?"

"మనం పిలిస్తేనే పలుకుతుంది."

ఆయన పుస్తకం మూసి సొరుగులో పెట్టాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

"ఉన్న వచనంలో అయితే ఒకరే ఉండల్ల. లేని దాంట్లో అయితే ఇద్దరం ఉండొచ్చు" అన్నాడు. "అదే పెట్టు పాపా."

సంతోషమ్మ ముఖం తిప్పుకుని ఈసీజీ గదిలోకి వెళ్ళిపోయింది. నేను ఏడ్చాను. ఏడుస్తూనే కంప్యూటర్లు మార్చాను. పద్నాలుగింటిలోనూ ఇరవై మూడు తీసి పది పెట్టడానికి గంటన్నర పట్టింది. ఎవరి నంబరూ ఎవరినీ అడగక్కర్లేకపోయింది. పన్నెండు దాటాక ఈసీజీ సైటు తెరుచుకుంది. రికార్డులు కూడా వచ్చాయి. రెండూ ఒకేసారి పనిచేయడం ఆ వారంలో అదే మొదలు. నిన్నటి గిడ్డయ్య ఛాతీలో నొప్పని మళ్ళీ వచ్చి ఉన్నాడు, మొదటి ఈసీజీ ఆయనదే పోయింది. ఎనిమిది నిమిషాల్లో హైదరాబాదు డాక్టరు, గ్యాసు అని రాసి పంపాడు. ఇంత చేసి గ్యాసేనా అని ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నాడు.

మామకి నేనే ఫోన్ చేశాను. అయిందని చెప్పి నంబర్లు చదివితే ఆయన అదిరిపోయాడు. ఇదేం వరస, రేపు ఇంకొకడు వచ్చి చూస్తే మన షాపు పరువేం కావాలి, తీరిక చూసుకుని ఒకటి నుంచి వరసగా మార్చేయమన్నాడు. చూద్దాం మామా అన్నాను. ఆ మాటకి అర్థం తెలిసిన మనిషి కాబట్టి ఆయన ఇంకేం అడగలేదు.

వెళ్ళొస్తానని చెప్పడానికి రికార్డు గదిలోకి వెళ్ళాను. నెహెమ్యా గారు అరచేతిలో బాల్‌పెన్నుతో రాసుకుంటున్నాడు. పది, నలభై తొమ్మిది, పదహారు, ఒకటి. ముందు అంకె ఇంకా వేళ్ళకి అలవాటు కాలేదని, ఇరవై మూడే కొట్టేస్తున్నానని నాతో అన్నాడు. చెయ్యి చూసుకుంటూ, ఒక్కో మీటా వెతుక్కుంటూ నల్ల తెర మీద కొట్టాడు.

నాలుగు వరుసలు వచ్చాయి. ఆయన ఒక్కోటీ వేలు పెట్టి చదివాడు. రిజిస్టరు తీస్తాడేమోనని చూశాను, తీయలేదు.

"ఇంగో తూరి పిలుస్తా" అన్నాడు.

పిలవండి సార్ అన్నాను. బస్సు వెళ్ళిపోతే ఇంకోటి ఉంటుంది. ఆయన మీట నొక్కాడు. అయిదడుగుల దూరంలో ఉన్న ఆ కంప్యూటరు మళ్ళీ నాలుగుసార్లు పలికింది.